విశ్వవిద్యాలయం ఆటగాళ్లను తయారు చేయగలదా?

మధురానగర్ మెట్రో స్టేషన్‌లో రాయదుర్గం వైపు రైలెక్కితే తర్వాతి స్టేషనే యూసుఫ్‌గూడ. కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియం అక్కడే ఉంది. అదే లైనులో నాగోలు వైపు వెళ్తే అమీర్‌పేట, బేగంపేట, సికింద్రాబాద్ దాటాక తార్నాక వస్తుంది. అక్కడ దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంకొంచెం ముందుకు పోతే ఉప్పల్ క్రికెట్ స్టేడియం పేరు మీద ఏకంగా ఒక స్టేషనే ఉంది. ఆటలకు ఇన్ని చోట్లున్న ఈ దారి మధ్యలో మధురానగర్, అమీర్‌పేట హాస్టళ్ల నిండా డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలు, చదువు ముగించి కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు ఉంటారు. పదో తరగతి దాకా జిల్లా స్థాయిలో ఆడినవాళ్లు వారిలో ఎక్కడ అడిగినా దొరుకుతారు. కాలేజీలో చేరాక కూడా ఆడినవాళ్లు మాత్రం బాగా తగ్గిపోతారు.

పాఠశాల దాకా వచ్చిన ఆట విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతోంది? అసలు ఒక విశ్వవిద్యాలయం ఆటగాళ్లను తయారు చేయగలదా? చేయాలంటే ఏమేం కావాలి? మన దగ్గర అవి ఏ మేరకు ఉండేవి, ఎక్కడ జారిపోయాయి? వీటికి జవాబు వెతకడానికి మూడు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రెండూ బేస్‌బాల్‌వి, అమెరికాదీ జపాన్‌దీ. మూడోది మన ఉస్మానియాది. బేస్‌బాల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. విశ్వవిద్యాలయాల చేతుల్లో పెరిగిన ఆటల్లో అది ముఖ్యమైనది, దాని చరిత్ర నూట అరవై ఏళ్లకు పైగా రాతలో ఉంది. మన విశ్వవిద్యాలయాలకూ బేస్‌బాల్ జట్లున్నాయి, చాలామందికి తెలియకపోయినా.

అమెరికా: కోచ్ కుర్చీ కదలని చోట

1859 జూలై 1న మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊళ్లో ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ కాలేజీలు తలపడ్డాయి. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి బేస్‌బాల్ పోటీ అదే. ఆమ్‌హర్స్ట్ 73-32 తేడాతో గెలిచింది. మన దగ్గర 1857 తిరుగుబాటు మంటలు పూర్తిగా చల్లారని రోజుల్లో, ఎక్కడో ఒక చిన్న ఊళ్లో కుర్రాళ్లు ఆడుకున్న ఆట స్కోరు ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం. ఎవరో కూర్చుని రాసిపెట్టారు కాబట్టే అది సాధ్యమైంది.

1947లో కలమజూలో మొదటి కాలేజ్ వరల్డ్ సిరీస్ జరిగింది. ఫైనల్లో కాలిఫోర్నియా జట్టు యేల్‌ను ఓడించింది. యేల్ తరఫున ఫస్ట్ బేస్‌లో ఆడిన జార్జ్ బుష్ ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1950 నుంచి ఆ పోటీ ఒమాహా నగరంలోనే జరుగుతోంది. ఏటా జూన్ వస్తే ఒమాహాలో కాలేజీ బేస్‌బాల్ ఉంటుందని దేశానికంతా తెలుసు.

లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా ఈ చరిత్రలో ముందు వరుసలో ఉంటుంది. దాని 12 జాతీయ టైటిళ్లలో 11 ఒకే కోచ్ రాడ్ డెడో హయాంలో వచ్చాయి. 1942 నుంచి 1986 దాకా ఆయనే కోచ్. 1970 నుంచి 1974 వరకు వరుసగా ఐదేళ్లు జట్టు విజేతగా నిలిచింది. సొంత రవాణా వ్యాపారం ఉండడంతో ఆయన ఏడాదికి ఒక్క డాలరు జీతానికే పనిచేశారు. టామ్ సీవర్, రాండీ జాన్సన్ లాంటి దిగ్గజాలు ఆయన చేతి కింద ఆడినవాళ్లే. ఆటగాళ్లు మూడు నాలుగేళ్లకోసారి మారిపోయారు, కోచ్ మాత్రం నలభై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఒక తరానికి నేర్పింది తర్వాతి తరానికి అందింది.

కోచ్‌కు తోడు నియమాలు కూడా విశ్వవిద్యాలయానికి బలమిచ్చాయి. నాలుగేళ్ల కాలేజీలో చేరిన ఆటగాడిని వృత్తి లీగ్‌లు మూడేళ్లు పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా డ్రాఫ్ట్‌లో, అంటే రౌండ్ల వారీగా జరిగే ఆటగాళ్ల ఎంపికలో, తీసుకోకూడదు. అంటే కోచ్ చేతిలో కుర్రాడు కనీసం రెండు మూడేళ్లు ఉంటాడన్న భరోసా ఉంది. పై శ్రేణి జట్టు రెగ్యులర్ సీజన్‌లో 56 మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. వారానికి మూడు నాలుగు మ్యాచ్‌ల చొప్పున ఫిబ్రవరి నుంచి మే దాకా ఆడేవాడికి తప్పు చేయడానికీ, దిద్దుకోవడానికీ కావలసినంత సమయం దొరుకుతుంది.

బంతి విసిరే పిచర్ కుమార్ రాకర్ కథ ఈ ఏర్పాటును దగ్గరగా చూపిస్తుంది. తల్లి లలిత భారత సంతతి అమెరికన్, ఆమె తల్లిదండ్రులు ఇక్కడి నుంచి వలస వెళ్లినవారు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, కోచ్. 2018లో హైస్కూలు ముగియగానే ఒక వృత్తి జట్టు డ్రాఫ్ట్ 38వ రౌండ్‌లో రాకర్‌ను ఎంచుకుంది. అతను అటు వెళ్లకుండా నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కోచ్ టిమ్ కోర్బిన్, 2003 నుంచి అదే పనిలో ఉన్నారు. మొదటి ఏడాదిలోనే, 2019 జూన్ 8న, డ్యూక్ జట్టుపై రాకర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రయికౌట్లు సాధించాడు. ఓడితే ఇంటికి వెళ్లాల్సిన మ్యాచ్ అది. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ జాతీయ విజేత, రాకర్ కాలేజ్ వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడు. 38వ రౌండ్‌లో పిలుపు వచ్చిన కుర్రాడు 2022లో దేశం మొత్తంలో మూడో స్థానంలో ఎంపికయ్యాడు. మోచేతి శస్త్రచికిత్స నుంచి కోలుకుని 2024 సెప్టెంబరులో టెక్సాస్ రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ పిలుపుకూ ఈ ఎంపికకూ మధ్య అతని ఆటను పెంచినవి విశ్వవిద్యాలయంలో గడిపిన ఏళ్లే.

ఈ ఏర్పాటులో లోపాలు లేవని కాదు. చాలా ఏళ్ల పాటు ఒక జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటిని ముక్కలు చేసి 27 మందికి పంచేవారు. పేదింటి పిల్లవాడికి మిగతా ఫీజు భారమే. ఇప్పుడు ఆ పరిమితి పోయి జట్టుకు 34 మంది అన్న పరిమితి వచ్చింది. దాంతో పాటు ఆటగాళ్లకు డబ్బు చెల్లించే కొత్త ఒప్పందాలు, ఏటా జట్టు మారే అలవాటు కూడా వచ్చాయి. డబ్బున్న విశ్వవిద్యాలయం ఇంకా బలపడుతుందన్న భయం అక్కడా ఉంది. మనం నేర్చుకోవాల్సింది వాళ్ల డబ్బు గురించి కాదు. ఒకే కోచ్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం, సుదీర్ఘమైన సీజన్ నడపడం గురించి.

జపాన్: ఓడినా లీగ్‌లోనే

బేస్‌బాల్ జపాన్‌కు వెళ్లింది కూడా తరగతి గది నుంచే. 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు టోక్యోలో తన విద్యార్థులకు ఈ ఆట నేర్పాడు. ఆ విద్యాసంస్థే తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో కలిసింది. 1903లో వసేదా, కేయో విశ్వవిద్యాలయాల మధ్య పోటీ మొదలైంది. మూడేళ్లకే అభిమానుల ఆవేశం అదుపు తప్పింది. రెండు వైపులా గుంపులు కొట్టుకునే పరిస్థితి రావడంతో 1906లో ఆ పోటీలను ఆపేశారు. మళ్లీ మొదలైంది 1925లో. ఆ ఏడాదే టోక్యోలోని ఆరు విశ్వవిద్యాలయాల లీగ్ రూపు దిద్దుకుంది. మరుసటి ఏడాది మేజీ జింగు స్టేడియం వచ్చింది. ఇవాళ్టికీ ఆ లీగ్ వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి అదే మైదానంలో జరుగుతోంది.

వసేదా జట్టు 1905లోనే అమెరికా వెళ్లి ఆడి, కొత్త మెళకువలు నేర్చుకుని తిరిగి వచ్చింది. తర్వాతి ఏళ్లలో వసేదాకు ఆడిన తొబితా సుయిషు ఆ పైన కోచ్ అయ్యారు. జపాన్‌లో విద్యార్థి బేస్‌బాల్ పితామహుడిగా ఆయన్ని గౌరవిస్తారు. ఆయన సాధన కఠినంగా ఉండేది. ఆ కాఠిన్యం తర్వాతి తరాలను అతిగా పీడించిందన్న విమర్శ జపాన్‌లోనే వచ్చింది. అది న్యాయమైన విమర్శే. అయితే వృత్తి లీగ్ పుట్టకముందే విశ్వవిద్యాలయ బేస్‌బాల్‌కు స్టేడియాలు నిండేవన్నది కూడా నిజం.

ఈ లీగ్‌లో మనకు అన్నిటికంటే పనికొచ్చే పాఠం టోక్యో విశ్వవిద్యాలయానిది. దేశంలో అతి కష్టమైన ప్రవేశ పరీక్ష ఉన్న చోటు అది. ఆటగాళ్లకు సడలింపులు ఉండవు. ఆ జట్టు ఒక్కసారి కూడా టైటిల్ గెలవలేదు. ఒక దశలో వరుసగా 94 మ్యాచ్‌లు గెలవలేకపోయింది. 2015 మేలో హొసేయి జట్టుపై గెలిచి ఆ పరంపరను తెంచుకుంది. అయినా లీగ్ ఆ జట్టును తీసేయలేదు, విశ్వవిద్యాలయమూ ఫలితాలు రావడం లేదని మూసేయలేదు. ఆట కూడా చదువులో భాగమని నమ్మిన చోట గెలుపోటములతో పని లేకుండా సీజన్ నడుస్తుంది. పతకం వస్తేనే నిధులు ఇస్తామనే చోట ఆ నమ్మకానికి చోటుండదు.

ఉస్మానియా: ఆటకు చోటున్న కాలం

ఇక మన ఇంటి సంగతి. 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానుతో ఉస్మానియా పుట్టింది. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. అంతకు చాలా ముందే, 1887లో మొదలైన నిజాం కాలేజీ ఆరు దశాబ్దాలు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండి 1947లో ఉస్మానియాలో చేరింది. ఫతే మైదాన్‌ను ఆనుకుని ఉన్న నిజాం కాలేజీ గ్రౌండ్ హైదరాబాద్ క్రికెట్‌కు ఉయ్యాల. చదువుకునే చోటు, ఆడుకునే చోటు, పెద్ద మ్యాచ్‌లు చూసే చోటు కూతవేటు దూరంలో ఉండడం ఆ తరానికి దక్కిన అదృష్టం.

సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, ఆ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడి పంతులుగా పనిచేశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి భారత జట్టు కోచ్‌గా ఉన్నారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. జకార్తాలో 1962 ఫైనల్ నాటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. దక్షిణ కొరియాను 2-1తో గెలిచి వచ్చిన కొన్ని నెలలకే, 1963 జూన్‌లో, కన్నుమూశారు. భారత ఫుట్‌బాల్ చూసిన గొప్ప కోచ్ మన విశ్వవిద్యాలయం విద్యార్థి. ఆయన్ని బోధకుడిగా నిలబెట్టిన ఓపిక తరగతి గదిలో అలవడిందని ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

క్రికెట్‌లో విశ్వవిద్యాలయాల మధ్య పోటీ రోహింటన్ బారియా ట్రోఫీ. బొంబాయికి చెందిన ఎ.డి. బారియా చనిపోయిన కొడుకు పేరు మీద ఇచ్చిన ఈ ట్రోఫీ 1935-36లో మొదలైంది. ఒకప్పుడు టెస్టు జట్టుకు దారి దీనిలోంచే పోయేది. 1970లో సునీల్ గవాస్కర్ బొంబాయి విశ్వవిద్యాలయం తరఫున 327 పరుగులు చేశాడు. మరుసటి ఏడాది వెస్టిండీస్‌లో 774 పరుగులు చేసిన కుర్రాడు అతనే. విశ్వవిద్యాలయాల జోన్ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ మన విజయనగరం మహారాజకుమార్ పేరు మీద ఉన్నదే.

ఉస్మానియా ఈ దారిలో ఎవరెవరిని పంపిందో చూడండి. నిజాం కాలేజీలో చదివిన ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్‌కు వలస వెళ్లి, ఆ దేశానికి కెప్టెన్ అయ్యాడు. 1967లో ఓవల్ మైదానంలో తొమ్మిదో స్థానంలో దిగి చేసిన 146 పరుగులను క్రికెట్ తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నిజాం కాలేజీలో బీకాం చదివిన మహమ్మద్ అజహరుద్దీన్ 1984-85లో తన మొదటి మూడు టెస్టుల్లోనూ వరుసగా సెంచరీలు చేశాడు. కెమికల్ ఇంజినీరింగ్ చదువుతూ ఉస్మానియా తరఫున రోహింటన్ బారియా ఆడిన హర్షా భోగ్లే మైక్ ముందుకు వెళ్లి ప్రపంచానికి తెలిసిన గొంతయ్యారు. అందరూ టెస్టు ఆటగాళ్లు కానక్కర్లేదు. విశ్వవిద్యాలయం ఆట ఒక వ్యాఖ్యాతను, ఒక కోచ్‌ను, ఒక బడి పంతులును కూడా ఇస్తుంది.

బ్యాడ్మింటన్ సంగతీ అంతే. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ హైదరాబాద్‌లో ఉస్మానియా కిందున్న ఏవీ కాలేజీలో చదివారు. 1990, 1991 సంవత్సరాల్లో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి జట్టుకు ఆయనే కెప్టెన్. పదేళ్లకు, 2001లో, ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అదే ఏవీ కాలేజీలో బీఏలో చేరిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2015లో జలంధర్‌లో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ బాక్సింగ్‌లో ఉత్తమ బాక్సర్‌గా నిలిచింది. 2022, 2023లలో ప్రపంచ విజేత అయింది.

ఎక్కడ జారింది

ఇంత మంచి పేర్ల జాబితా ఉన్నప్పుడు బాధ ఎందుకు? జాబితాలో చివరి పేర్లను మరోసారి చూడండి. నిఖత్ చేయి తిరిగింది నిజామాబాద్‌లో తండ్రి దగ్గర, విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో. 2011లోనే ఆమె జూనియర్ ప్రపంచ విజేత. కాలేజీ ఆమెకు హాజరులో సాయం చేసి ఉండవచ్చు, పరీక్షకు వీలు కల్పించి ఉండవచ్చు, కానీ ఆటగత్తెగా తయారు చేయలేదు. 2008లో గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ వచ్చాక బ్యాడ్మింటన్ కేంద్రం పూర్తిగా అటు మారింది. పాఠశాల వయసులోనే పిల్లలు అకాడమీలో చేరతారు. డిగ్రీ కాలేజీ చేరికల పుస్తకంలో ఒక పేరుగా మాత్రమే మిగిలింది. క్రికెట్‌లో వయసుల వారీ జట్లు, ఆ తర్వాత ఐపీఎల్ వచ్చి రోహింటన్ బారియా దారిని మూసేశాయి.

రెండో కారణం ఉద్యోగాలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంక్, దక్షిణ మధ్య రైల్వే లాంటి సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాడికి ఆ గుమ్మంలో గౌరవం ఉండేది. ఎస్‌బీహెచ్ 2017లో స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఆట నుంచి జీతానికి వెళ్లే మెట్లు తగ్గిపోతే ఏ తండ్రి మాత్రం కొడుకును మైదానంలో వదులుతాడు?

మూడోది పరీక్షల క్యాలెండర్. సెమిస్టర్ పరీక్షలు, ఇంటర్నల్స్, ఇంటర్ కాలేజ్ పోటీలు, ఇంటర్ యూనివర్సిటీ ప్రయాణాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) సార్ పిలిచినా లెక్చరర్ పంపడు. పంపినా హాజరు తగ్గుతుంది. ప్రైవేటు కాలేజీల్లో చాలా వాటికి గ్రౌండే ఉండదు. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో మూడంతస్తుల్లో నడిచే కాలేజీలు అమీర్‌పేట చుట్టుపక్కల కొత్తేమీ కాదు. అక్కడ ఆట అంటే సర్టిఫికెట్ సంపాదించడానికి ఏడాదికి ఒక్క వారం వెళ్లిరావడం.

మన బేస్‌బాల్ ఈ వారం రోజుల జబ్బుకు సాక్ష్యం. అమెరికా ఆటలు దక్షిణాదికి వ్యాయామ ఉపాధ్యాయుల ద్వారా వచ్చాయి. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అక్కడ శిక్షణ పొందినవాళ్లు మన బడుల్లో వాలీబాల్, బాస్కెట్‌బాల్ నాటారు. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ తర్వాత వచ్చాయి. ఇవాళ భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ పోటీల్లో ఈ రెండూ ఉన్నాయి, మన విశ్వవిద్యాలయాలు జట్లు పంపుతుంటాయి. కానీ ఆ జట్టు ఎలా తయారవుతుంది? క్రికెట్‌లో విసురు బాగున్నవాళ్లను, సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లను సెలక్షన్స్‌లో ఏరి, కొద్ది రోజుల క్యాంపు పెట్టి, రైలెక్కించడం చాలా చోట్ల జరిగే పద్ధతి.

బేస్‌బాల్ అలా కొద్ది రోజుల్లో వచ్చే ఆట కాదు. పిచర్ నిలబడే దిబ్బకూ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకను లోపే దాటుతుంది. ఆ లోపల కొట్టాలా వదలాలా అన్నది తేల్చుకోవాలి. బంతి నేల తాకదు, గాలిలోనే వంపు తిరుగుతుంది. క్రికెట్ బ్యాటర్‌కు అలవాటైన పిచ్ సాయం ఇక్కడ ఉండదు. బౌలర్ మోచేయి చాచి వేయాలి, పిచర్ మోచేయి వంచి విసరాలి. భుజం, మోచేయి ఆ ఒత్తిడికి అలవాటు పడడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. క్యాంపు పది రోజులదైతే గాయం తప్ప నైపుణ్యం రాదు.

అయితే మనవాళ్లకు చేయి లేదన్న మాట తప్పు. 2008లో లక్నోలోని స్పోర్ట్స్ కాలేజీలో జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో ఎంపికై అమెరికా వెళ్లారు. అక్కడ కోచ్ టామ్ హౌస్ వాళ్లకు నేర్పింది యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలోనే. కొన్ని నెలల్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ ఇద్దరినీ తీసుకుంది. అమెరికా వృత్తి బేస్‌బాల్ ఒప్పందం అందుకున్న మొదటి భారతీయులు వాళ్లు. బంతి పట్టడం తెలియని ఇద్దరు కుర్రాళ్లకు కొన్ని నెలలు సరైన చోటు, సరైన గురువు దొరికితే అంత దూరం వెళ్లారు.

13.03 సెకన్లు

రికార్డు ఉంచుకోని తప్పుకు మూల్యం ఎంతో చెప్పే సంఘటన 2020 జనవరిలో జరిగింది. కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనూరాధా బిస్వాల్ పరుగెత్తిన 13.38 సెకన్లు. దాని కంటే మూడో వంతు సెకనుకు పైగా తక్కువ. హర్డిల్స్‌లో అది చాలా పెద్ద తేడా.

ఆ పరుగు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. పోటీలో డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 మేలో సైప్రస్‌లో 13.23 సెకన్లతో ఆమె పేరు మీద అధికారికంగా జాతీయ రికార్డు నమోదైంది. తాను ఎప్పుడో దాటేసిన హద్దును మళ్లీ దాటడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2023లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచింది. 2024 పారిస్‌లో, ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న మొదటి భారత మహిళ అయింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనిచేసిన మనిషి. ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లకు విశ్వవిద్యాలయం మీటే పెద్ద వేదిక. అక్కడే ఆమె పరుగు లెక్కలోకి రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

ఎదురు వాదనలు

అకాడమీలు ఉన్నాయి కదా, విశ్వవిద్యాలయానికి ఈ బరువెందుకు అనేవాళ్లున్నారు. బ్యాడ్మింటన్, బాక్సింగ్ లాంటి చోట్ల ఆ మాటలో నిజముంది. పదేళ్ల వయసులో మొదలు కావాల్సిన ఆటను పద్దెనిమిదేళ్లకు కాలేజీ నేర్పలేదు. కానీ అకాడమీ ఫీజు కట్టగలిగేవాళ్లెందరు? అకాడమీ దాకా చేరని పిల్లలకు, పదహారేళ్ల తర్వాత ఎత్తు, బలం వచ్చే పిల్లలకు కాలేజీయే రెండో తలుపు. విసురు ఆటలు, పరుగు, బరువులు, పడవ పందేలు, బేస్‌బాల్ లాంటివి ఆలస్యంగా మొదలుపెట్టినా పట్టుబడతాయి.

చదువు చెడుతుందన్న మాట మరొకటి. టోక్యో విశ్వవిద్యాలయం చదువూ వదల్లేదు, లీగ్‌నూ వదల్లేదు. చదువుకు అడ్డు పడేది ఆట కాదు, పరీక్షల వాళ్లూ పోటీల వాళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా తేదీలు వేసుకోవడం. డబ్బు లేదన్నది మూడో మాట. ఉస్మానియాకు వెయ్యి ఎకరాలకు మించిన ప్రాంగణం ఉంది, వ్యాయామ విద్యా కళాశాల ఉంది, జాతీయ, ఆఫ్రో ఆసియా క్రీడల కాలం నాటి సైక్లింగ్ వెలోడ్రోమ్ ఉంది. భూమి లేని చోటు కాదు అది. అయితే భూమి ఉంటే చాలదు, దాన్ని రోజూ వాడే మనుషులు కావాలి.

తేలేది ఏమిటి

మూడు చరిత్రలను కలిపి చూస్తే విశ్వవిద్యాలయం ఆటగాళ్లను తయారు చేయగలదని తేలుతోంది. దానికి నాలుగు కావాలి. ఏడాదంతా తెరిచి ఉండే మైదానం, ఏళ్ల తరబడి ఉండే కోచ్, పరీక్షలతో తగువు పడని సీజన్, ప్రతి మ్యాచ్‌నూ రాసిపెట్టే పుస్తకం. అమెరికాలో, జపాన్‌లో ఈ నాలుగూ కలిసి ఉన్నాయి కాబట్టి ఫలించాయి. ఉస్మానియాకు ఒకప్పుడు మైదానం ఉంది, నగరం పక్కనే ఉంది, ఉద్యోగమిచ్చే బ్యాంకులు ఉన్నాయి. కోచ్, సీజన్, పుస్తకం మాత్రం ఎప్పుడూ వ్యక్తుల ఓపిక మీదే నడిచాయి. ఆ వ్యక్తులు రిటైరైనప్పుడల్లా అన్నీ మొదటికొచ్చాయి. మన వైఫల్యం పిల్లల్లో లేదు, ఆ కొనసాగింపు లేకపోవడంలో ఉంది.

చేయాల్సిన పనులు చిన్నవే. ఇంటర్ కాలేజ్ పోటీలను వారం రోజుల నాకౌట్‌గా కాకుండా రెండు మూడు నెలల లీగ్‌గా నడపాలి. పోటీల తేదీలు ఖరారయ్యాకే సెమిస్టర్ పరీక్షల తేదీలు వేయాలి. ప్రతి ఆటకూ పీడీ కాక వేరే కోచ్ ఉండాలి, ఏడాది ఒప్పందం మీద కాదు, కనీసం ఐదేళ్లకు. అంతర్ విశ్వవిద్యాలయ మీట్‌లలో డోప్ పరీక్ష, సాంకేతిక అధికారులు తప్పనిసరి కావాలి, మరో జ్యోతికి అదే నష్టం జరగకూడదు. స్పోర్ట్స్ కోటా సీటు సర్టిఫికెట్ చూసి ఇవ్వడం కాదు, ఆ సీటులో చేరిన విద్యార్థి విశ్వవిద్యాలయానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో ఏటా చూడాలి.

అన్నిటికంటే ముందు మన విశ్వవిద్యాలయాలు తమ ఆటల చరిత్ర రాయాలి. ఏ ఏడాది ఎవరు ఆడారు, ఎవరు నేర్పారు, ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. వ్యాయామ విద్య చదివే విద్యార్థులకు ఒక ఏడాది ప్రాజెక్టుగా ఇస్తే మొదలవుతుంది. ఈ పని విశ్వవిద్యాలయం ఒక్కటే చేయలేదు కూడా. మీ ఇంట్లో ఉస్మానియాకు గానీ, ఆంధ్రా, వెంకటేశ్వర, కాకతీయ, నాగార్జున విశ్వవిద్యాలయాలకు గానీ ఇంటర్ యూనివర్సిటీ ఆడిన పెద్దవాళ్లుంటే వాళ్లను ఒక గంట కూర్చోబెట్టి అడగండి. ఏ ఆట, ఏ ఏడాది, ఏ ఊరు, ఎంత స్కోరు, ఏ కోచ్ అన్నది రాసుకోండి. బీరువాలో ఉన్న టీమ్ ఫొటో వెనక పేర్లు రాయండి. దాని నకలు ఆ విశ్వవిద్యాలయం వ్యాయామ విద్యా విభాగానికి పంపండి.